పైకి పోయిన గాటు

మా వదిన ముత్తమ్మాళ్ ఆ కాగితానికి పసుపు భక్తితో పూసిందా, భయంతో పూసిందా? నాకు ఇప్పటికీ తెలియదు. వదిన పోయి రెండేళ్ళు దాటింది. ఆమె కాక ఆ సంగతి తెలిసి ఉండగల మనిషి గాంధిమతి ఒక్కతే. నేను రాయడానికి కూర్చున్నది గాంధిమతి గురించే. కానీ ముందు ఆ కాగితం సంగతి చెప్పకపోతే ఆమె ఎలాంటి మనిషో చెప్పలేను.

మా అన్న రామచంద్రన్‌కు పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు ఆర్తి. దాన్ని విరుదునగర్‌లో సెల్వకుమార్‌కు ఇచ్చాం. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో. అందుకని ఆర్తి మొదటి బిడ్డను మా ఊరు కోవిల్‌పట్టిలోనే, పెద్ద డాక్టరమ్మ ఆసుపత్రిలో కనింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంటికి పంపేటప్పుడు వాళ్ళిచ్చిన కాగితమే నేను చెబుతున్నది.

ఆ కాగితం పైభాగంలో బిడ్డ పుట్టిన గంట, నిమిషం రాసి ఉన్నాయి. జాతకం రాయించడానికి అవి కావాలి. జోస్యుడి దగ్గరకు పోయే కాగితం కనుక వదిన నాలుగు మూలలా తడిపసుపు పూసింది. పెళ్ళి పత్రికకైనా, ఇంటి పట్టాకైనా మేం చేసేది అదే. డాక్టరమ్మ ఇంకు పెన్నుతో రాసే మనిషి. కుడివైపు కింది మూలలో ఆమె రాసిన చివరి మూడు పంక్తులు పసుపులో కరిగి ముదురు మరక అయిపోయాయి. తక్కిన మూడు మూలల్లో బొట్టంత పసుపు ఉంది. ఈ మూలలో అరచేయంత ఉంది. ఆరేళ్ళపాటు ఆ తేడా ఎవరి కంటా పడలేదు.

గాంధిమతిది అరుప్పుకోట. నేత ఇల్లు. వాళ్ళ నాయన పొన్నయ్య చేతిమగ్గం మీద చీరలు నేసేవాడు. అయిదుగురు ఆడపిల్లల్లో ఈమె నాలుగోది. చిన్నప్పటినుంచీ తెగిన పోగులు అతకడం ఈమె పని. పందొమ్మిదో ఏట అక్క కాన్పుకు తోడుగా కోవిల్‌పట్టి వచ్చి, ఆసుపత్రి వరండాలో కూర్చుని అక్క రవికకు కుట్టు వేస్తుంటే డాక్టరమ్మ ఆగి చూసిందట. "ఈ పిల్ల చేతికి తొందర లేదు" అన్నదట. అక్క బిడ్డనెత్తుకుని ఊరికి పోయింది. ఈమె ఉండిపోయింది. నలభై ఏళ్ళు.

ఆమె చదువుకున్న నర్సు కాదు. చూసి నేర్చుకున్నది. కత్తులు, కత్తెరలు ఉడకబెట్టడం, సూదికి దారం పెట్టి డాక్టరమ్మ చేతికి సరైన వాటంలో అందించడం, కడుపులో పెట్టిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్కపెట్టడం. ఆ లెక్క అయ్యేదాకా మూయడం మొదలయ్యేది కాదు. ఊరంతా లేచి నిలబడే డాక్టరమ్మ కూడా సూది పట్టుకుని గాంధిమతి నోటి నుంచి "సరి" అన్న మాట వచ్చేదాకా కాచుకుని ఉండేది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "తీరిక పడలా అక్కా" అనేది.

నాలుగేళ్ళ క్రితం డాక్టరమ్మ ఆసుపత్రి మూసేసింది. అప్పటినుంచి మధ్యాహ్నం మూడు గంటలకు గాంధిమతి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నేను తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అన్న ఇంట్లోనే ముందు గదిలో ఉంటాను, పుస్తకాలు చదువుకుంటూ. ఆమె వచ్చి కూర్చునేది. నేను చదువుకునేదాన్ని. ఆమె చేతికి ఏ పని దొరికితే ఆ పని చేసేది. గంటసేపట్లో మేం మాట్లాడుకునేవి పది మాటలు కూడా ఉండవు. అలాంటి స్నేహం నాకు జీవితంలో ఇంకొకటి దొరకలేదు.

ఆసుపత్రి కబుర్లు మాత్రం అడిగినా చెప్పేది కాదు. థియేటర్‌లో జరిగింది గడప దాటకూడదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పిందట. మనుషుల సంగతి చెప్పదు గాని, పని సంగతి అయితే చెబుతుంది. ఒకసారి నేను చిరిగిన దిండు గలీబు కుట్టుకుంటుంటే కాసేపు చూసి ఉండబట్టలేక అంది.

"ఏంటికక్కా అట్ల ఇగ్గతావు? ఆ దిండు నీకేం ద్రోహం చేసింది?"

"గట్టిగా ఉండాలని."

"గట్టిగా ఇగ్గితే దారం గట్టిగా ఉంటాది, గుడ్డ చస్తాది. ఇట్ల ఇయ్యి."

నా చేతిలోది లాక్కుని కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూనే చెప్పింది. గర్భసంచి కూడా ఇంతేనట. అది తోలు కాదు, కండ. డాక్టరమ్మ రెండు వరసలు కుట్టేది. మొదటి వరస తెగిన అంచులను దగ్గరకు చేరుస్తుంది. రెండోది మొదటిదాని మీద దుప్పటిలా కప్పుకుంటుంది. ఒకే వరసతో ముగించే డాక్టర్లూ ఉన్నారట. అదీ తప్పు కాదు, చేతిని బట్టి ఉంటుందట. కానీ ఏ వరసైనా బిగించి లాగితే అక్కడ కండకు నెత్తురు ఆడదు. నెత్తురు ఆడని చోట అతుకు పల్చబడుతుంది.

"దారం కొన్నాళ్ళు పట్టుకునుండేదానికే అక్కా. రెండు నెలల్లో అది కరిగిపోతాది. అతికేది కండే."

"మరి గాటు ఎటు పెట్టినా ఒకటేనా?"

"ఎట్లయితాది? అడ్డగాటయితే మేలు. అది పెట్టే కిందిపక్క కండ పల్చన. కాన్పయినాక కదలకుండా పడుంటాది, బాగా అతుకుతాది. పైపక్క అట్ల కాదు. అది కాన్పయినాక కూడా ముడుచుకుంటా విప్పుకుంటా ఉంటాది. ఆడతా ఉండే మగ్గంలో తెగిన పోగు ముడేసినట్ల. పైకి గాటు పోతే మళ్ళా కాన్పుకు నొప్పులు రానియ్యకూడదు. ముందే కోసి తీయాల."

అంతవరకు చెప్పి దారం పంటితో కొరికి, దిండు నాకిచ్చేసింది. ఆమె ఎవరినో తలచుకుని ఆ మాట చెప్పిందని నాకు అప్పుడు తోచలేదు.

పోయిన సంవత్సరం ఆర్తికి ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక బుధవారం సెల్వకుమార్ దాన్ని కారులో తీసుకువచ్చి దింపాడు. పాత కాగితం కోసం వచ్చింది. విరుదునగర్‌లో దాన్ని చూస్తున్న డాక్టరు బృంద చిన్న వయసుది, ఓపిక గలది. ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చని చెప్పిందట.

"కింది కుట్టు స్కాన్‌లో మందంగానే ఉండాదంట అత్తా. ఆరేండ్ల గడువుండాది, బిడ్డ తల కిందికే ఉండాది. పాత కాగితంలో ఏం రాసుండారో ఒగసారి చూస్తే, నొప్పులు వచ్చేదాకా కాచుకోవచ్చునంట."

"నీకేమే అంత ఆశ?" అన్నాను.

"ఆశ కాదత్తా. పోయినసారి నాలుగు నెలలు బిడ్డను ఎత్తుకోలేకపోతిని. అన్నిటికీ అమ్మే ఉండె. ఇప్పుడెవరుండారు? మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రెండో దినమే లేచి నా పని నేను చేసుకోవాల."

వదిన ట్రంకు పెట్టెలో జాతకం మధ్య మడిచిపెట్టిన కాగితం దొరికింది. విప్పి చూసి ఆర్తి నవ్వేసింది.

"చూడత్తా, మా అమ్మ ఆస్పత్రి చీటీకి కూడా పూజ చేసింది."

మా అన్న కూడా నవ్వాడు. వదిన పోయాక అన్న అలా నవ్వడం నేను చూడలేదు. కాగితం చేతులు మారింది. పై పంక్తుల్లో సిజేరియన్ అని ఉంది, బిడ్డ బరువు ఉంది, తేదీ ఉంది. కింద ఏమీ చదవడానికి లేదు.

గాంధిమతి అక్కడే కూర్చుని మునగాకు దూస్తూ ఉంది. ఆర్తి ఆమె వైపు తిరిగింది.

"గాంధత్తా, ఆ దినం నువ్వు లోపలనే ఉంటివి కదా. వేరేగా ఏమన్నా జరిగిందా?"

గాంధిమతి ఆకు మీదనుంచి తల ఎత్తలేదు. "నలబై ఏండ్లు. ఎన్ని కడుపులని గుర్తు పెట్టుకునేది?"

"నన్ను కూడానా?"

"నువ్వు మత్తులో ఉంటివి. మత్తులో ఉండే వాండ్లంతా ఒగే తీరు."

మళ్ళీ అందరం నవ్వాం. కాసేపటికి గాంధిమతి లేచి, పని ఉందని వెళ్ళిపోయింది. మునగాకు సగం కాడలకే ఉండిపోయింది. ఒక పని సగంలో వదిలి లేవడం ఆమె విషయంలో అదే మొదటిసారి. నేను ఆ మిగతా ఆకు దూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

సెల్వకుమార్ తనకు చేతనైనంత వెతికాడు. ఆసుపత్రి పాత కాగితాలు కప్పు కారి తడిసి ఎప్పుడో పారేశారట. పెద్ద డాక్టరమ్మ కోయంబత్తూరులో కొడుకు ఇంట్లో ఉంది. ఫోన్ చేస్తే ఆ కొడుకు, "అమ్మకు జ్ఞాపకం పోయింది. నన్నే ఎవరు బాబూ అని అడుగుతోంది" అన్నాడట. బృంద డాక్టరు ఆలోచించి, మామూలుగా అందరికీ పెట్టేది అడ్డగాటే, స్కాన్ బాగుంది, జాగ్రత్తగా చూసుకుంటూ నొప్పులకోసం ఎదురుచూద్దాం అని చెప్పింది. అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది.

కానీ గాంధిమతి అయిదు రోజులు మా ఇంటికి రాలేదు.

ఆరో రోజు నేనే వెళ్ళాను. అగ్గిపెట్టెల కంపెనీ వెనక సందులో ఒంటిగది ఆమెది. తలుపు తెరిచే ఉంది. కింద కూర్చుని, ఉతికి మడతపెట్టిన చీరలను విప్పి మళ్ళీ మడతపెడుతోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చున్నాను.

"ఆ బిడ్డకు నొప్పులు రాకూడదక్కా" అంది.

తర్వాత చెప్పింది. ఆ రోజు కడుపులో బిడ్డ అడ్డంగా తిరిగి ఉంది. ఉమ్మనీళ్ళు పోయాయి, ఒక చెయ్యి ముందుకు జారింది. డాక్టరమ్మ ఎప్పటిలాగే కింద అడ్డగాటు పెట్టింది. చెయ్యి లోపలికి పోనిచ్చి బిడ్డను తిప్పబోతే కండ బిగుసుకుని తిరగనివ్వలేదు. క్షణాలు పోతున్నాయి. అప్పుడు గాటు మధ్యనుంచి పైకి కోసింది. బిడ్డ బయటికి వచ్చింది, ఏడ్చింది. కానీ నెత్తురు ఆగలేదు. అడ్డగాటును రెండు వరసలు కుట్టింది. పైగాటుకు మొదటి వరస వేసేసరికి ఆర్తి రక్తపోటు పడిపోయింది. మత్తు డాక్టరు తొందరపెట్టాడు. ఒక్క వరసతోనే ముగించి పైన మూసేశారు.

"చెయ్యి కడుక్కుంటా డాక్టరమ్మ అనింది, ఇంకొగ వరస వేసుండాల గాంధీ అని. మళ్ళా తానే అనింది, వేసుంటే పిల్ల దక్కేది కాదని. రెండూ నిజమేనక్కా."

"డాక్టరమ్మ ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పకుండా ఉంటాదా? నన్ను పక్కన పెట్టుకునే ముత్తమ్మక్కకు చెప్పింది. మళ్ళా కడుపొస్తే నొప్పులు రానియ్యొద్దు, కాగితంలో రాసినాను, అత్తగారింట్లో చూపించు అనింది. ఆమె అట్ల పోతానే ముత్తమ్మక్క నా చెయ్యి పట్టుకునింది. పద్నాలుగేండ్లు నన్ను గొడ్రాలనినారు గాంధీ, నా బిడ్డను చెడిన కడుపని అననీయను, సమయం వచ్చినప్పుడు నేనే చెప్తాను, అంతదాకా నువ్వు నోరు తెరిస్తే నా మీద ఆన అనింది."

వదిన ఆ పద్నాలుగేళ్ళు ఎలా బతికిందో నేను చూశాను. పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమ పళ్ళెం ఆమె దగ్గరకు వచ్చేసరికి పక్కవాళ్ళు దారి మళ్ళించేవాళ్ళు. మా అమ్మ కూడా ఒక మాట తక్కువ అనలేదు. నేను అక్కడే ఉండి పుస్తకంలో తల పెట్టుకున్న రోజులున్నాయి.

గాంధిమతి చీర మడత చేత్తో సర్దింది.

"ఆన పెట్టిన మనిషి పోతే ఆన కూడా పోతాదా అక్కా? ఇన్ని బుక్కులు చదివినావు. ఏ బుక్కులోనన్నా ఉండాదా?"

"లేదు" అన్నాను.

"అయితే నేనే చూసుకోవాల."

"మొన్న ఆర్తి అడిగినప్పుడే చెప్పి ఉండవచ్చు కదా."

"నవ్వతా ఉండె కదక్కా ఆ బిడ్డ. వాళ్ళమ్మ పసుపు పూసిందని నవ్వతా ఉండె. ఆ నవ్వులో పోయి ఎట్ల చెప్పేది, మీ అమ్మ దాచిపెట్టిందని?"

నేను ఫోన్ చేసి చెబుతానన్నాను. ఒప్పుకోలేదు. "నువ్వు చెప్తే ఎవరో చెప్పిన మాట అవుతాది. డాక్టరు నమ్మాల కదా. చూసింది నేను. నేనే పోయి చెప్తాను."

మర్నాడు ఉదయం ఇద్దరం బస్సెక్కాం. ఆమె డాక్టరమ్మ ఇచ్చిన లేత నీలం చీర కట్టుకుంది. సాత్తూరు దాటేదాకా మాట్లాడలేదు. నాకు ఆ మరక మనసులోంచి పోవడం లేదు. చివరకు అడిగేశాను.

"గాంధీ, మా వదిన ఆ మూలకు కావాలనే అంత పసుపు పూసిందా?"

ఆమె నావైపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది. "మూలలకే కదక్కా పూస్తారు" అంది.

బృంద డాక్టరు గదిలో ఆర్తి, సెల్వకుమార్, ఆర్తి అత్తగారు ముందే వచ్చి కూర్చున్నారు. నేను ముఖ్యమైన సంగతి ఉందని మాత్రం చెప్పి రమ్మన్నాను. గాంధిమతి నిలబడే, డాక్టరు కోసం తమిళంలో, డాక్టరమ్మ వదినకు చెప్పిన జాగ్రత్త దాకా అంతా చెప్పింది. ఎవరి వైపూ చూడకుండా, డాక్టరు బల్ల మీది గాజు పలక వైపు చూస్తూ చెప్పింది.

డాక్టరు మొదట నమ్మినట్టు లేదు. "ఆరేళ్ళ క్రితం ఆపరేషన్. మీకు కచ్చితంగా ఇదేనని ఎలా తెలుసు? ఇంకొకరిది కావచ్చు కదా?"

"నలభై ఏళ్ళలో పైకి గాటు పోవడం పదకొండు సార్లు చూశాను. పదకొండు మంది పేర్లూ చెప్పగలను. ఈ బిడ్డ పదో మనిషి."

"ఎన్ని దారం పొట్లాలు విప్పారు?"

"మామూలుగా లోపలికి రెండు. ఆ రోజు అయిదు. అయిదోది సగం వాడి పక్కన పెట్టేశాం, రెండో వరస వేయలేదు కనుక."

"పైగాటు ఎంత పొడుగు?"

గాంధిమతి బొటనవేలు, చూపుడువేలు ఎడంగా చాపి చూపించింది. డాక్టరు ఆ వేళ్ళ వైపు కొంతసేపు చూసింది. తర్వాత ఆర్తి ఫైలు దగ్గరకు లాక్కుంది.

"మేం స్కాన్‌లో కొలిచింది కింది మచ్చను. అది బాగుంది, అందులో తప్పు లేదు. పైన ఇంకొకటి ఉందని, దాన్ని వెతకాలని నాకు తెలియదు. నొప్పులు మొదలైతే బలమంతా పడేది దాని మీదనే. అది విడిపోతే తల్లినీ బిడ్డనూ దక్కించుకోవడానికి మనకు నిమిషాలే ఉంటాయి." కాలెండర్ చూసి చెప్పింది. "ముప్పై ఏడో వారంలో ఆపరేషన్ చేద్దాం. వచ్చే సోమవారం కాక పై సోమవారం."

అందరికన్నా ముందు మాట్లాడింది ఆర్తి అత్తగారు.

"ఇంతేనా? దీనికా ఆ మహాతల్లి దాచింది? నా కడగొట్టు వాణ్ణి కూడా కోసే తీసినారు. నన్ను ఒగ మాట అడిగుంటే నా కడుపు చూపించుండనా?"

సెల్వకుమార్ తల వంచుకున్నాడు. వదిన ఆరేళ్ళ భయానికి అర నిమిషంలో జవాబు దొరికింది. ఆ జవాబు వినడానికి వదిన లేదు.

ఆర్తి మాత్రం గాంధిమతినే చూస్తోంది.

"ఆరేండ్లు. నా బిడ్డకు నీళ్ళు పోసినావు. మా అమ్మ పోయిన దినం నా పక్కన కూర్చోనుండినావు. మొన్న నేను నోరు తెరిచి అడిగితే కూడా మత్తులో ఉంటివి అని ఎగతాళి చేసినావు. నాకు నొప్పులు వచ్చేసుంటే?"

గాంధిమతి ఆన సంగతి చెప్పుకోలేదు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆర్తి ముఖం తిప్పుకుంది. మేం లేచి వస్తుంటే నన్ను "జాగ్రత్తత్తా" అని సాగనంపింది. గాంధిమతితో మాట్లాడలేదు.

ఆ తర్వాత పది రోజులు గాంధిమతి మూడు గంటలకు వచ్చేది, కూర్చునేది. ఒకే ప్రశ్న అడిగేది. "ఫోన్ వచ్చిందా?" బాగానే ఉందని చెబితే తల ఊపేది. నేను పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని గాని, ఆ పది రోజుల్లో ఏం చదివానో నాకు గుర్తులేదు.

సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదికి సెల్వకుమార్ ఫోన్ చేశాడు. నడుములో సన్నగా నొప్పి మొదలైంది, ఆసుపత్రికి తీసుకుపోతున్నాం అన్నాడు. నేను గాంధిమతికి కబురు పంపి, అన్నను బయలుదేరదీసేసరికి ఆమె ఆ నీలం చీరతోనే మా గుమ్మంలో నిలబడి ఉంది. కారులో దారి పొడుగునా వాచీ చూసుకుంటూ నొప్పి మొదలై ఎంతసేపయిందో లెక్క కట్టింది.

మేం చేరేసరికి ఆర్తిని లోపలికి తీసుకుపోయారు. థియేటర్ తలుపు ఎదురుగా ఇనుప బెంచీ ఉంది. గాంధిమతి దాని చివర కూర్చుంది. జీవితమంతా ఆ తలుపుకు అవతల ఉన్న మనిషి. ఇవతల ఎలా కూర్చోవాలో తెలియనట్టు కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగులో చుట్టుకుంది.

కాసేపటికి లోపల ఏదో మోత వినిపించింది. "మొదలుపెట్టినారు" అంది. ఇంకొంచెం సేపటికి, "ఇప్పుడు కండ దాకా వచ్చుంటారు" అంది. అన్న చెవులు మూసుకున్నాడు. ఆమె ఊరుకుంది.

బిడ్డ ఏడుపు వినిపించింది. ఆర్తి అత్తగారు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సెల్వకుమార్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నేను గాంధిమతి వైపు చూశాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"అయిపోయినట్టేనా?" అన్నాను.

"ఎక్కడిది? తీసేది అయిదు నిమిషాలు. మూసేదే పని."

ఇరవై నిమిషాలయింది. అరగంట అయింది. ఒక నర్సు బిడ్డను తెచ్చి చూపించి, మగబిడ్డ అని చెప్పి, తల్లి సంగతి డాక్టరమ్మ చెబుతారని మళ్ళీ లోపలికి పోయింది. ముప్పావు గంట అయింది. అన్న లేచి నడవడం మొదలుపెట్టాడు. నేను గాంధిమతి పక్కకు జరిగాను.

"ఇంతసేపు పట్టిందంటే ఏమైనా..."

"ఆలస్యమైతే బయపడొద్దక్కా. తొందరపడితేనే బయం." కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలచుకుంటోందని అనుకున్నాను. దగ్గరకు వంగితే అంకెలు వినిపించాయి. లోపలి గుడ్డల లెక్కో, కుట్ల లెక్కో.

గంట దాటాక తలుపు గడియ తీసిన చప్పుడయింది. అందరం ఒక్కసారి ముందుకు పోయాం. బృంద డాక్టరు టోపీ తీస్తూ వచ్చింది. మెడంతా చెమట.

"ఇద్దరూ బాగున్నారు" అంది మొదట. తర్వాత నావైపు చూసి నెమ్మదిగా చెప్పింది. "కింది మచ్చ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది, అంత చక్కగా అతికింది. దాని పైన ఆ అమ్మ వేళ్ళతో చూపించినంత మేర, అద్దంలా ఉంది. కండ లేదు, పొర మాత్రమే. లోపల బిడ్డ జుట్టు కనిపించింది. ఇంకో గంట గట్టి నొప్పులు పడి ఉంటే ఆ పొర నిలబడేది కాదు. పల్చబడిన అంచులు తీసేసి, మంచి కండ దాకా పోయి, రెండు వరసలు వేశాను. అందుకే ఆలస్యం. ఆ అమ్మకు నేనే చెప్పాలి. ఎక్కడ?"

వెనక్కు తిరిగాను. బెంచీ ఖాళీగా ఉంది.

నీళ్ళకు పోయిందేమో అనుకున్నాను. వరండా చివరి దాకా వెళ్ళి చూశాను. అక్కడ కాపలా ఉండే కుమరేశన్ చెప్పాడు. "నీలం చీర అమ్మా? ఇప్పుడే పోయింది. తలుపు తీయగానే డాక్టరమ్మ ముఖం ఒకసారి చూసి, 'సరి' అని లేచి వచ్చేసింది. కోవిల్‌పట్టి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది."

సెల్వకుమార్ బండి తీసుకుని పోయాడు. మమ్మల్ని ఆర్తి దగ్గరకు వెళ్ళనిచ్చేసరికి ఒంటిగంట అయింది. మొహం పాలిపోయి ఉంది గాని తెలివిగానే ఉంది. డాక్టరు దానికి అంతా చెప్పినట్టుంది. బిడ్డను పక్కలో పెట్టుకుని మా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"గాంధత్త రాలేదా?"

"వచ్చింది. ఇంతసేపూ ఇక్కడే ఉంది."

"లోపలికి రమ్మనత్తా."

అంతలో సెల్వకుమార్ వచ్చాడు, ఒంటరిగా. "బస్సులో కూర్చోనుండినారు. కిటికీ దగ్గర నిలబడి పిలిచినాను, ఆర్తి అడుగుతాది రండి అని. వినిపించింది, తల ఊపినారు. దిగలా. బస్సు కదిలిపోయింది."

ఆర్తి బిడ్డ మీది గుడ్డ సర్దింది.

"నాకు ఒగ మాట చెప్పి పోవచ్చును కదత్తా" అంది.